కింద పడ్డ మాంట్‌బ్లాంక్‌కు కొత్త నిబ్బు వేయించాలా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి. పెళ్ళికి మీ మామగారు మాంట్‌బ్లాంక్ కంపెనీ ఫౌంటెన్ పెన్ను పెట్టారు, 146 మోడల్, మీడియం నిబ్బుది. ప్రొద్దుటూరులో మీ ఇంట్లో టేబుల్ మీది నుంచి దొర్లి, మూత లేకుండా, నిబ్బు కిందికై కడప బండల మీద పడింది. అప్పటి నుంచి కాగితాన్ని గీకుతోంది, గీత కింది నుంచి పైకి లాగితే ఇంకు రావట్లేదు. ఉగాదికి మామ వస్తాడు, పెన్ను ఏదల్లుడూ అంటాడు, అదీ నీ టెన్షన్. అడిగింది మూడు ముక్కలు: నిబ్బు నువ్వే లాగేసి ఆన్‌లైన్‌లో దొరికేది వేసుకోవచ్చా, లేకపోతే మీ ఊళ్ళో బంగారం పనివాళ్ళకిస్తే సరిచేస్తారా, ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి ఈసారి సన్న నిబ్బు వేయించుకోవచ్చా.

నువ్వు లాగొద్దు. బంగారం పనివాళ్ళకు అసలే ఇవ్వొద్దు. సన్నది వేయించుకోవచ్చు. కానీ ఈ మూడింటికన్నా ముందు అసలు నిబ్బు మార్చాలా వద్దా అనేది తేల్చుకో. కింద పడ్డ పెన్నులు నా దగ్గరికి వచ్చినవాటిలో ఎక్కువవాటికి కొత్త నిబ్బు అవసరం పడలేదు, ఉన్నదాన్నే సరిచేస్తే మళ్ళీ రాశాయి. నిబ్బు మార్చాలి అని మనమే తేల్చేసుకుని షాపుకు పోయామనుకో, అవతలివాడు కూడా సరే మార్చేద్దాం సార్ అంటాడు, బిల్లు ఎక్కువ వచ్చేది అందులోనే కదా.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. ఇంకు మొత్తం తీసేయి. వెనక గుబ్బ తిప్పి ఇంకు వదిలేసి, మంచినీళ్ళు లోపలికి లాగి వదులుతూ ఉండు, నీళ్ళు తేటగా వచ్చేదాకా. బోరు నీళ్ళతో మాత్రం కడగొద్దు. అనంతపురం అయినా, కడప అయినా, మా కర్నూలు అయినా బోరు నీళ్ళలో ఎంత సున్నం ఉంటుందో టీ కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. నిబ్బు కింద నల్లగా కనిపించే నాలుక లాంటి భాగాన్ని ఫీడు అంటారు, ఇంకును నిబ్బుకు అందించేది అదే, ఇకముందు ఈ మాట చాలాసార్లు వస్తుంది. ఆ తెల్లటి పొర ఫీడులోని సన్న కాలువల్లో పేరుకుందంటే అది ఇంకో రోగం. ఇంట్లో ఆర్‌వో నీళ్ళుంటే చాలు, లేదంటే ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొత్తది తెచ్చుకో. నీళ్ళు చల్లగానే ఉండాలి, వేడినీళ్ళొద్దు. స్పిరిట్, శానిటైజర్, గోళ్ళ రంగు తీసే ద్రవం, ఇవేవీ పెన్ను బాడీ చేసిన ఆ నల్లటి రెజిన్‌కు (అదొక రకం ప్లాస్టిక్) తగలకూడదు. ఇకముందు ఈ మాట చాలాసార్లు వస్తుంది.

ఇప్పుడు దెబ్బ ఎంతో చూడాలి. దీనికి మీ ఊళ్ళో బంగారం పనివాళ్ళు పనికొస్తారు, కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం పది రెట్లు పెద్దగా చూపించేది ఒక పూటకు అడుక్కుని తెచ్చుకో. మామూలు చేతి భూతద్దంతో కుదరదు.

నిబ్బు మొన నీ కంటి వైపు తిప్పి సూటిగా చూడు. చివర చిన్న గుండు ఉంటుంది, మధ్యలో చీలిక, అటొక పాయ ఇటొక పాయ. రెండు పాయలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉందంటే నీకు తగిలే ఆ గీకుడు అదే, కాగితానికి కిందున్న పాయ అంచు తగులుతోంది. ఇది అన్నింట్లోకీ తేలికైన దెబ్బ. ఎత్తుగా ఉన్న పాయను బొటనవేలి గోటితో మెల్లగా కిందికి నొక్కి కొన్ని సెకన్లు ఉంచి వదలాలి, మళ్ళీ చూడాలి, మళ్ళీ నొక్కాలి. ఒకేసారి గట్టిగా నొక్కావో, పాయ కిందికి పోయి అక్కడే ఉండిపోతుంది. ధైర్యం చాలకపోతే మానెయ్, ఇందులో నామోషీ ఏం లేదు. మామూలు కంటికే వంకర కనిపిస్తుంటే మాత్రం ఇది కూడా చేయొద్దు, గోటితో అయ్యే పని దాటిపోయిందని అర్థం.

తర్వాత పక్క నుంచి చూడు. మొన డేగ ముక్కులా కిందికి వంగిందా, పైకి లేచిందా, నిబ్బుకూ ఫీడుకూ మధ్య వెలుతురు కనిపిస్తోందా? వెలుతురు కనిపిస్తే ఇంకు నిబ్బుదాకా అందడం లేదు, పైకి గీసినప్పుడు ఎండిపోవడానికి అదొక కారణం. చీలిక మొన దగ్గర మరీ విచ్చుకుపోయినా అంతే. వంగిన బంగారు నిబ్బును తిరిగి లేపొచ్చు, ఇది తెలిసినవాళ్ళు దాన్ని పెన్నులోంచి బయటికి తీసి, దాని వంపుకు సరిపోయే దిమ్మె మీద పెట్టి నున్నటి ఉక్కు పనిముట్టుతో రుద్దుతూ కొంచెం కొంచెంగా తెస్తారు. మడత పడిన చోట సన్న గీత మిగలొచ్చు. రాతకు దాంతో ఇబ్బంది లేదు, చూడ్డానికి బాగుండదంతే.

మార్చక తప్పని దెబ్బలు రెండే. ఒకటి, నిబ్బులో పగులు. మధ్యలో ఉండే రంధ్రం నుంచి గానీ మడత పడిన చోట గానీ వెంట్రుకంత గీత బయల్దేరిందంటే అది ఆగదు. రెండోది, చివర గుండు సగమో మొత్తమో రాలిపోవడం. ఆ గుండు బంగారం కాదు. ఇరిడియం అని అందరం అంటాం గానీ ఇప్పుడు ఎక్కువగా ఆస్మియం, రుథేనియం, టంగ్‌స్టన్ లాంటి గట్టి లోహాల మిశ్రమం వాడతారు, దాన్ని బంగారానికి వెల్డ్ చేస్తారు. అది పోతే మిగిలిన మెత్తటి బంగారం కాగితం మీద ఇట్టే అరిగిపోతుంది. కొత్త గుండు అతికించేవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది, నీ పెన్ను ఇప్పటి మోడల్ కాబట్టి ఆ బాధ కన్నా నిబ్బు మార్పించుకోవడమే మేలు.

ఇంకోటి, చాలామంది మరిచిపోయేది. నిబ్బునే చూస్తూ పెన్నును చూడరు. పట్టుకునే భాగం అంచు చుట్టూ భూతద్దం తిప్పు. బండ మీద మొన తగిలినప్పుడు ఆ దెబ్బ ఫీడు మీదుగా అక్కడికి పోతుంది. రాసేటప్పుడు వేళ్ళకు ఇంకు అంటుతోందంటే రెజిన్ చిట్లిందేమోనని అనుమానించాలి. అప్పుడిక నిబ్బు ఒక్కటి మారిస్తే సరిపోదు.

ఇక బంగారం పనివాళ్ళ సంగతి. ప్రొద్దుటూరు బంగారం పనికి పేరుమోసిన ఊరు, వాళ్ళ పనితనం మీద నాకు అనుమానం లేదు. అయినా వద్దు అంటున్నానంటే వాళ్ళ పని పద్ధతి నిబ్బుకు పడదు కాబట్టి. నగ చేసేటప్పుడు బంగారాన్ని మంటలో కాల్చి మెత్తబరిచి వంచుతారు, అతుకుతారు. నిబ్బు దానికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. రేకును రోలర్ల మధ్య పదేపదే నలిపి గట్టిపరిచి, ఆ గట్టిదనంతోనే దానికి స్ప్రింగు గుణం తెస్తారు. నొక్కితే విచ్చుకోవాలి, వదిలితే మళ్ళీ దగ్గరికి రావాలి. దానికి ఒక్కసారి మంట చూపిస్తే ఆ గుణం పోతుంది, తర్వాత నొక్కితే విచ్చుకుని అట్లే ఉండిపోతుంది, మళ్ళీ ఎవరూ దాన్ని సరిచేయలేరు. పైగా మెరుగు పెట్టే చక్రం మీద పెట్టారంటే చివర గుండు ఆకారం పోతుంది, అద్దంలా మెరుస్తుంది, రాయదు. నీ 146 నిబ్బు మీద 585 అని ఉంటే అది 14 క్యారెట్లు, అంటే నూటికి 58.5 పాళ్ళు బంగారం, మిగతాది వెండి, రాగి లాంటివి. 750 అని ఉంటే 18 క్యారెట్లు. నగల 916 బంగారంతో చేయి తిరిగినవాళ్ళకు ఇది వేరే లోహం కిందే లెక్క.

ఇంకో మాట, నిబ్బు మార్పిడి ధర విని ఇందులో బంగారమెంత, ఇంత రేటా అని మీ ఇంట్లో అంటారు. మామూలు సైజు నిబ్బుల్లో బంగారం గ్రాముకు మించదు. డబ్బు పోయేది ఆకారానికి, మొన రుబ్బడానికి, పేరుకు. పేరుకే ఎక్కువ అని నా అభిప్రాయం, అది వేరే గొడవ.

నువ్వే ఎందుకు లాగకూడదో చెప్తాను. 146లో నిబ్బు, ఫీడు రెండూ కలిసి ఒక కాలర్‌లో, అంటే గుండ్రటి తొడుగులో, బిగిసి ఉంటాయి. ఆ కాలర్‌కు బయటి వైపు మర ఉంటుంది, దాన్ని పట్టుకునే భాగంలోకి తిప్పి ఎక్కిస్తారు. కాలర్ అంచుకు సన్న గాట్లు, ఆ గాట్లలో సరిగ్గా కూర్చునే పళ్ళున్న పనిముట్టుతో తిప్పితేనే అది బయటికి వచ్చేది. యూట్యూబ్‌లో రబ్బరు ముక్కతో పట్టుకుని నిబ్బును సర్రున లాగేసే వీడియోలు చూసి ఉంటావు, అవి ఒత్తి పెట్టే రకం పెన్నులు, వాటి సంగతి వేరు. ఇక్కడ అట్లా లాగితే నిబ్బు కాలర్‌లోంచి ఊడొచ్చి ఫీడు లోపలే ఉండిపోవచ్చు, లేదా రెండూ వంకరగా కదిలి తిరిగి అదే లోతులో కూర్చోకపోవచ్చు. తిప్పబోతే రెజిన్ చిట్లుతుంది. కంపెనీవాళ్ళు దానికి ప్రెషస్ రెజిన్ అని పెద్ద పేరే పెట్టారు, నునుపు, మెరుపు అన్నీ ఉన్నాయి గానీ పిండితే, దెబ్బ తగిలితే పగిలే రకం. మా కర్నూలులో ఒక అంగట్లో, పేరెందుకులే, ఒక లాయరుగారి పాత పెన్నును ప్లైయర్‌తో పట్టి లాగారు. నిబ్బు వచ్చింది. పట్టుకునే భాగం అంచు ముక్క కూడా దానితోపాటే వచ్చింది.

ఆన్‌లైన్ నిబ్బు విషయానికొస్తే, కంపెనీ విడి నిబ్బులు కౌంటర్‌లో అమ్మదు, తన సర్వీసులో తనే వేస్తుంది. కాబట్టి విడిగా కనిపించేవి ఏవైనా విరిగిన పెన్నుల్లోంచి తీసినవన్నా అయ్యుండాలి, నకిలీవన్నా అయ్యుండాలి. నిబ్బు మీద 4810 అని ఉంది కదా అనుకోవద్దు, అది మాంట్‌బ్లాంక్ పర్వతం ఎత్తు, మీటర్లలో. నకిలీవాడికి అన్నింటికన్నా సులువుగా చెక్కగలిగేది ఆ నాలుగంకెలే. నిజమైనదే దొరికినా 146 నిబ్బు, ఫీడు ఏళ్ళ తరబడి మారుతూ వచ్చాయి, పాతవాటికి ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) ఫీడు, కొత్తవాటికి ప్లాస్టిక్, దాని వంపు దీనికి అతకదు. జోవో, బాక్ కంపెనీల ఆరో నంబరు సైజు నిబ్బులు మంచివే, వాటి కోసం చేసిన పెన్నుల్లో. ఇందులో అవి కూర్చోవు. ఎట్లాగో ఇరికించినా రేపు సర్వీసుకు పంపితే ఇది మా నిబ్బు కాదు అని పక్కన పెట్టేస్తారు.

కాబట్టి దారి రెండు రకాలు. పగులుంటే, గుండు రాలితే కంపెనీ సర్వీసుకు. ఉత్త వంకరే అయితే నిబ్బుల పని తెలిసిన మంచి చేతికి.

కంపెనీకి పంపేటట్టయితే పెన్ను డబ్బాలో ఉన్న సర్వీసు పుస్తకం, కొన్న తేదీ ఉన్న బిల్లు వెతుక్కో. బిల్లు మామ దగ్గరుంటే అత్తమ్మ ద్వారా నెమ్మదిగా తెప్పించుకో. కింద పడి వంగిన నిబ్బు వారంటీలోకి రాదు, కొత్తగా కొన్నవాళ్ళకు నిబ్బు సైజు మార్చిచ్చే వెసులుబాటు ఉంటుంది గానీ అది కొన్న తొలి వారాల్లో, నిబ్బు బాగున్నప్పుడు. అందుకని డబ్బులకు సిద్ధపడే పో. మీకు బెంగళూరు, హైదరాబాద్, చెన్నై మూడూ అటూ ఇటూగా ఒకటే, ముందు కంపెనీ షాపుకు ఫోన్ చేసి సర్వీసుకు తీసుకుంటారో లేదో కనుక్కుని బయల్దేరు. అక్కడ అడగాల్సినవి ఇవి: ఎంతవుతుందో ముందు రాసిస్తారా, నేను సరే అన్నాకనే పని మొదలుపెడతారా, సరిచేస్తారా మారుస్తారా, మారిస్తే పాత నిబ్బు తిరిగిస్తారా, కొత్తదాని రంగు పాతదానిలాగే ఉంటుందా. బంగారు నిబ్బును మాట్లాడకుండా వదిలేసి రావద్దు, అడగనివాళ్ళకు ఎవరూ ఇవ్వరు. పెన్ను ఇచ్చే ముందు క్లిప్ రింగు మీది సీరియల్ నంబరు, నిబ్బు, మూత మీది తెల్ల నక్షత్రం అన్నీ కనిపించేటట్టు ఫోటోలు తీసిపెట్టుకో. పని వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఉగాదికి చేతికొస్తుందని మాత్రం పెట్టుకోవద్దు. మామకు నిజం చెప్పెయ్ తమ్ముడూ, పెన్ను వాడుతున్నావు కాబట్టే కింద పడింది, బీరువాలో దాచుంటే పడేది కాదు కదా. నేనైతే అల్లుడు వాడినందుకు సంతోషిస్తాను.

నిబ్బు పనివాళ్ళ విషయంలో, హైదరాబాద్ అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ పేరు పెన్నులవాళ్ళకు కొత్త కాదు, అటు పోయే పనుంటే అక్కడ అడుగు. ఇవి కాక ఇంటి దగ్గర కూర్చుని పనిచేసేవాళ్ళు బెంగళూరులో, చెన్నైలో ఉన్నారు. ఎవరైనా సరే, 146 నిబ్బు యూనిట్ బయటికి తీసే పనిముట్టు ఉందా అని మొదట అడుగు. లేదు, అయినా తీస్తాం అంటే దండం పెట్టి వచ్చెయ్. పార్సిల్లో పంపితే ఇంకు చుక్క లేకుండా, మూత బిగించి, స్పాంజి చుట్టి, ప్లంబింగ్ పీవీసీ పైపు ముక్కలో పెట్టి రెండు వైపులా మూసి పంపు. పెన్ను సొంత డబ్బా పంపొద్దు, అది పోతే దొరకదు.

ఇప్పుడు నాకిష్టమైన సంగతి, సన్నదా లావుదా. నువ్వు కాలేజీలో పాఠాలు చెప్తానన్నావు, అంటే రాసేది ఎక్కువగా రూళ్ళ నోట్సుల్లో, రిజిస్టర్లలో, ఆన్సర్ పేపర్ల మార్జిన్లలో. తెలుగు రాత ఇంగ్లీషు రాతకన్నా నిబ్బును ఎక్కువ పరీక్ష పెడుతుంది. అక్షరం చిన్న జాగాలో గుండ్రంగా తిరుగుతుంది, పైన తలకట్టు, కింద వొత్తు, మళ్ళీ ఆ వొత్తుకొక సుడి. మీడియంతో రూళ్ళ మధ్య ‘స్త్రీ’ అనో ‘రాష్ట్రం’ అనో రాసి చూడు, కింద వొత్తులు ఇంకు ముద్దయి పోతాయి. థకూ ధకూ తేడా చూపే చుక్క కనపడదు. అందుకని రూళ్ళ మీద తెలుగు రాసేవాళ్ళకు ఫైన్ నయం, రాత చిన్నదైతే ఎక్‌స్ట్రా ఫైన్. జర్మనీ కంపెనీల ఫైన్ జపాన్ కంపెనీల ఫైన్‌కన్నా లావు, పైలట్ ఫైన్‌తో అలవాటు పడి మాంట్‌బ్లాంక్ ఫైన్ తీసుకుంటే ఇదేంది ఇంత లావు అనిపిస్తుంది. మన జిల్లాల్లో దొరికే మామూలు నోట్సు కాగితం ఇంకు పీల్చి గీతను ఇంకొంచెం పరుస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకో.

సంతకాలకు, పెళ్ళి పత్రికల మీద పేర్లు రాయడానికి సొగసు కావాలంటే మొన బల్లపరుపుగా రుబ్బిన స్టబ్ వేయించుకునేవాళ్ళున్నారు. పదునైన అంచుల ఇటాలిక్ మాత్రం తెలుగుకు వద్దు. మన అక్షరంలో చేయి ఒకే వైపు ఎక్కువసేపు పోదు, తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిచోటా ఆ మూల కాగితంలో తగులుకుంటుంది. అంచులు గుండ్రంగా తీసిన స్టబ్ అయితే నిలువు గీత లావుగా, అడ్డగీత సన్నగా పడి చూడముచ్చటగా ఉంటుంది. గుర్తుపెట్టుకో, మీడియం గుండును రుబ్బి ఫైన్ చేయొచ్చు, స్టబ్ చేయొచ్చు. ఫైన్‌ను రుబ్బి మీడియం చేయలేరు, లేని లోహం ఎక్కడి నుంచి తెస్తారు. అందుకే నీ నిబ్బు ఉత్తగా వంగినదే అయితే, సరిచేసేటప్పుడే అదే చేతితో ఫైన్‌కు రుబ్బించుకుంటే కొత్త నిబ్బు ఖర్చే ఉండదు. కంపెనీ తర్వాత దానికి పూచీ పడదు, అది తెలిసే చేయించుకో.

ఇది చదివి మిగతావాళ్ళు తమ పెన్నుల మీద పడకుండా వాటి సంగతీ కొంచెం చెప్తాను. నిబ్బు ఇంట్లోనే మార్చుకునే హాయి కావాలంటే పెలికన్ సూవెరాన్ కొనుక్కోవాలి. వాటిలో నిబ్బు, ఫీడు కలిసిన యూనిట్ మర తిప్పితే వచ్చేస్తుంది. ఇంకు తీసేసి, నిబ్బునూ ఫీడునూ కలిపి మొదలు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని ఎడమవైపుకు తిప్పడమే. నిబ్బు ఫీడు మీద జారుతూ యూనిట్ కదలకపోతే అక్కడితో ఆపి, రాత్రంతా చల్లటి నీళ్ళలో నిబ్బు వరకు మునిగేట్టు పెట్టి పొద్దున చూడాలి. పెలికన్‌లోనే క్లాసిక్ వరస ఎం200, సూవెరాన్ వరస ఎం400 మోడళ్ళ యూనిట్లు ఒకదానిదొకటి పడతాయి, ఎం200ది స్టీలు, ఎం400ది 14 క్యారెట్లు. ఎం600, ఎం800, ఎం1000 దేని సైజు దానిదే. తిరిగి బిగించేటప్పుడు బలం చూపించొద్దు, ఆగిన చోట ఆపెయ్యాలి. మర మీద పిసరంత సిలికాన్ గ్రీజు చాలు, కొబ్బరినూనె, వాజలీన్ రాసేవాళ్ళను చూశాను, దయచేసి వద్దు.

పార్కర్ సానెట్ కూడా మర యూనిట్టే. లామీ సఫారీ నిబ్బు సెల్లో టేపు అంటించి ముందుకు లాగితే వస్తుంది. పైలట్, సైలర్, ప్లాటినం ఒత్తి పెట్టేవి, నిబ్బును ఫీడునూ కలిపి సూటిగా లాగాలి, తిప్పకూడదు, అవసరం లేకుండా మాటిమాటికీ తీయకూడదు. పార్కర్ 51, లామీ 2000 లాంటి మూసుకున్న నిబ్బులనూ, షెఫర్ పాత ఇన్‌లే (బాడీలో పొదిగిన) నిబ్బులనూ ముట్టుకోవద్దు, అంతే.

మన రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి ఎబొనైట్ చేతి పెన్నులున్నవాళ్ళు అదృష్టవంతులు, అందులో నిబ్బు మార్చడం సగం వంటింటి పని. పాతది లాగేసి కొత్తది పెట్టాక నిబ్బుకూ ఫీడుకూ మధ్య సందు కనిపిస్తే, పెన్నులోంచి తీసిన నిబ్బు, ఫీడు మాత్రమే పొగలొచ్చే వేడినీళ్ళలో కాసేపు ఉంచి, బయటికి తీసి వేళ్ళతో రెండింటినీ అదిమి పట్టుకోవాలి, చల్లారేలోపు ఫీడు నిబ్బు వంపుకు కూర్చుంటుంది. బాడీని వేడినీళ్ళలో ముంచితే ఎబొనైట్ నలుపు పోయి మాసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్ ఫీడుకు ఈ వైద్యం పనిచేయదు.

ఏ పెన్నులోనైనా నిబ్బు మార్చాక చూడాల్సింది ఒకటి మరిచిపోతారు, మూత. కొత్త నిబ్బు పాతదానికన్నా ఒక్క మిల్లీమీటరు ముందుకొచ్చినా మూత లోపలి గిన్నెకు తగిలి, పెట్టిన మొదటి నిమిషంలోనే మొన వంగుతుంది. మూత పెట్టే ముందు అగ్గిపుల్లతో లోతు కొలుచుకో. నిబ్బు మధ్య చీలిక, ఫీడు మధ్య కాలువ ఒకే గీతలో ఉన్నాయో లేదో కూడా చూడు.

నీకు పెన్ను సర్వీసు నుంచి వచ్చేసరికి మన ఎండలు ముదిరి ఉంటాయి. అప్పుడు కొత్త నిబ్బు మీద నేరం మోపొద్దు. మధ్యాహ్నం ఫ్యాను కింద మూత తీసి పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే మొన మీద ఇంకు ఎండిపోతుంది, ఏ నిబ్బయినా మొదటి అక్షరం ఎగ్గొడుతుంది. సగం ఇంకుతో చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో బండి మీద తిరిగితే లోపలి గాలి వేడికి వ్యాకోచించి మూతలోకి ఇంకు కక్కుతుంది, అది కూడా నిబ్బు తప్పు కాదు. నిండుగా నింపు, జేబులో మొన పైకే ఉంచు, బండి డిక్కీలో వదలొద్దు. మొదటి కొన్ని రోజులు పార్కర్ క్వింక్ బ్లూ లాంటి సాదా ఇంకే వాడు, మెరుపుల ఇంకులూ, చెరగని డ్రాయింగ్ ఇంకులూ వద్దు. డ్రాయింగ్ ఇంకు ఫీడులో ఎండితే ఆ పెన్ను మళ్ళీ సర్వీసుకే. రాత గరుకుగా ఉందని ఎవరో చెప్పారని గాజు మీద, పలక వెనక, ఆ కడప బండ మీదే రుద్ది నునుపు చేసే పాత అలవాటు స్టీలు నిబ్బులతోనే పోనీ.

ఇప్పటికి నువ్వు చేయాల్సింది కడిగి, ఆరబెట్టి, ఫోన్ కెమెరాకు ఆ భూతద్దం ఆనించి రెండు ఫోటోలు తియ్యడం. ఒకటి మొనకు ఎదురుగా, ఇంకోటి పక్క నుంచి, వెనక తెల్ల కాగితం పెట్టి, పగటి వెలుతురులో. వీలైతే నిబ్బు మధ్య రంధ్రం దగ్గరిది మూడోది. ఇక్కడే పెట్టు, చూసి గోటి పనా, పనివాళ్ళ పనా, కంపెనీ పనా చెప్తాను. అంతవరకు ఇంకు నింపొద్దు, రాసి చూడొద్దు.